గుండ్రటి బల్ల, కొన్ని నిబంధనలు: వృత్తాకార ప్రస్తారాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో చదువుకుంటున్న తెలుగు పిల్లలు, పక్కన కూర్చుని వాళ్లతో లెక్కలు చేయించే అమ్మానాన్నలు, ఇక్కడి పీజీల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకీ క్యాట్‌కీ చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. మనుషుల్నో వస్తువుల్నో గుండ్రంగా ఎన్ని రకాలుగా అమర్చవచ్చో లెక్కపెట్టడమే వృత్తాకార ప్రస్తారాల పాఠం. సూత్రాలు మాత్రమే కావాలంటే అర పేజీ చాలు. కానీ ఈ పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా గుణకారం మొదలుపెట్టే ముందే: ఏ రెండు అమరికల్ని ఒకటిగా లెక్కపెట్టాలో తేల్చుకోకపోవడం వల్ల. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా రాశాను. 5! అని రాసినచోట ఫ్యాక్టోరియల్ అని చదువుకోండి, అంటే 5 × 4 × 3 × 2 × 1 = 120. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని క్రమగుణితం అంటారు.

మా అమ్మాయి ఇక్కడ పదకొండో తరగతి. పుస్తకమంతా వెతికినా ఈ పాఠం కనపడలేదు. విజయవాడలో మా అన్నయ్య కొడుకు ఇంటర్ పుస్తకంలో మాత్రం ఉంది. నేర్పించాలా?

నేర్పించండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ప్రస్తారాలు (అమర్చే లెక్కలు), సంయోగాలు (ఎంచే లెక్కలు) ఉన్నాయి కానీ గుండ్రంగా కూర్చోబెట్టే లెక్కలకి విడిగా పాఠం లేదు. తెలుగు అకాడమీ వారి ఇంటర్ రెండో ఏడాది లెక్కల పుస్తకం 2ఏలో దీనికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. పోటీ పరీక్షల్లో మాత్రం ఎవరు ఏ పుస్తకం చదివారని చూడరు. వరుసలో అమర్చే లెక్కలు బాగా వచ్చిన పిల్లకి ఇది ఒక ఆదివారం పని. అవి సరిగ్గా రాకపోతే ముందు వాటి దగ్గరే ఆగండి.

ఐదుగురు వరుసలో కూర్చుంటే 120 రకాలు, గుండ్రంగా అయితే 24. ఎందుకంత తగ్గింది?

ఒక స్టీలు పళ్లెం తీసుకుని అంచు వెంబడి ఐదు రంగుల చొక్కా గుండీలు పేర్చండి: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. ఇప్పుడు గుండీలు ముట్టుకోకుండా పళ్లేన్ని మాత్రం ఒక గుండీ మేర తిప్పండి. కిటికీ వైపున్న ఎరుపు గోడ వైపుకి వెళ్లింది. కానీ దానికి ఒక పక్క పసుపే, ఇంకో పక్క నలుపే. ఎవరి పక్కన ఎవరున్నారన్నది ఏమీ మారలేదు. ఇలా ఐదుసార్లు తిప్పితే మొదటికే వస్తుంది. కాగితం మీద వరుసగా రాస్తే ఐదు అమరికలుగా కనిపించేవి పళ్లెం మీద ఒక్కటే. కాబట్టి 120ని 5తో భాగిస్తే 24.

ఇదే జవాబుకి ఇంకో దారి ఉంది. నిబంధనలు వచ్చాక ఆదుకునేది అదే కాబట్టి నేను పిల్లలకి దాన్నే గట్టిగా చెబుతాను: ముందు ఒకరిని కూర్చోబెట్టేయండి. ఖాళీ బల్ల చుట్టూ అన్ని కుర్చీలూ ఒకటే, కనక మొదటి మనిషికి ఉన్నది ఒకే ఒక్క మార్గం. ఆ మనిషి కూర్చోగానే మిగతా కుర్చీలకి గుర్తులు వచ్చేస్తాయి. ఇది ఆయన కుడి చేతి వైపుది, అది ఎడమ వైపు రెండోది, అలాగ. ఇక మిగిలిన నలుగురిదీ మామూలు వరుస లెక్క, 4! = 24. పిల్లలు సూత్రం మర్చిపోయినా ఈ ఆలోచన మర్చిపోరు.

గుండ్రంగా కూర్చున్నారని ఉంటే చాలు, కళ్లు మూసుకుని ఒకటి తగ్గించి ఫ్యాక్టోరియల్ వేసేయొచ్చా?

వద్దు. కుర్చీలకి నంబర్లున్నాయా, ఒక కుర్చీ ముఖ్య అతిథిదా, ఒకటి ఏసీ కిందుందా అని ప్రశ్నలో చూడండి. కుర్చీలు వేర్వేరని చెప్పాక తిప్పితే వచ్చే అమరిక కొత్తదే. అప్పుడు ఐదుగురికి 120.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. శంఖం, చక్రం, గద, పద్మం విష్ణువు నాలుగు చేతుల్లో ఎన్ని రకాలుగా మారతాయి? జవాబు 24, అంటే 4!. చేతుల్ని చుట్టూ తిరిగి లెక్కపెట్టినా 3! కాదు, ఎందుకంటే పై కుడి చెయ్యి ఎప్పటికీ పై కుడి చెయ్యే. సంధ్యావందనంలో చెప్పుకునే కేశవ నామాలు 24. ఆ మూర్తుల్ని విగ్రహాల్లో వేరుచేసి గుర్తుపట్టేదీ ఏ చేతిలో ఏది ఉందన్నదాన్ని బట్టే.

బల్ల ఆకారం కూడా చూడాలి. చతురస్రపు బల్లకి ఒక్కో వైపు ఇద్దరేసి చొప్పున ఎనిమిది మంది కూర్చుంటే, తిప్పినా తేడా తెలియని స్థితులు నాలుగే. అందుకని 8!ని 8తో కాకుండా 4తో భాగించాలి: 10,080. గుండ్రటి బల్లకైతే 5,040.

సగం చేయమని ఎప్పుడు అంటారు?

అమరికని బోర్లా తిప్పగలిగినప్పుడు. పూలదండ, పూసల గొలుసు ఎటు నుంచి చూసినా అదే వస్తువు. ఆరు వేర్వేరు పూసలతో గొలుసు గుచ్చితే 5! ÷ 2 = 60. మనుషుల్ని బోర్లా తిప్పలేం. నా కుడి పక్కన కూర్చున్నవాళ్లు ఎడమ పక్కకి వస్తే అది వేరే అమరిక. అయితే ప్రశ్నలోనే “ఏ రెండు అమరికల్లోనూ ప్రతి ఒక్కరికీ అదే ఇరుగుపొరుగు ఉండకూడదు” అన్నట్టు ఉంటే, అక్కడ కుడి ఎడమల తేడా వదిలేశారని అర్థం. అప్పుడు మనుషులకీ సగం చేయాల్సిందే.

ఇద్దరు పక్కపక్కనే ఉండాలి, లేదా ఉండకూడదు. ఏది సులువు?

కబ్బన్ పార్కు పచ్చికలో ఆరుగురు గుండ్రంగా కూర్చుని అంత్యాక్షరి ఆడుతున్నారనుకోండి. రమ, గిరి పక్కపక్కనే ఉండాలి. ఇద్దర్నీ కలిపి ఒక్కరిగా అనుకోండి. ఇప్పుడున్నది ఐదుగురు, కనక 4! = 24. రమ గిరికి కుడి పక్కనా ఎడమ పక్కనా అన్నది 2 రకాలు. మొత్తం 48.

పక్కపక్కన ఉండకూడదంటే మొత్తం 120లోంచి 48 తీసేయండి, 72. నేరుగా చేసినా అంతే. రమని కూర్చోబెట్టేశాం. మిగిలిన ఐదు చోట్లలో ఆమె పక్కన ఉన్నవి రెండు, గిరికి మిగిలినవి మూడు. తక్కిన నలుగురికీ 4!. 3 × 24 = 72.

ఈ రెండో దారిలో ఒక లాభం ఉంది. గిరికి ఐదింటిలో రెండు చోట్లు రమ పక్కవే, కాబట్టి ఇద్దరూ పక్కన పడే అవకాశం 2/5. 48/120 కూడా అంతే. జవాబు సరిచూసుకోడానికి అర నిమిషం చాలు.

“ముగ్గురు పక్కపక్కన కూర్చోకూడదు” అని ఇచ్చారు. నా జవాబు ఒకటి, కీలో ఇంకోటి. ఎవరిది తప్పు?

చాలాసార్లు ఇద్దరిదీ కాదు, ప్రశ్న రాసిన వాక్యానిది. ఆ మాటకి రెండు అర్థాలున్నాయి, రెండింటి జవాబులూ బాగా దూరం.

ఎనిమిది మంది పిల్లల్లో ముగ్గురు కబుర్లపోగులు అనుకుందాం. నిబంధన లేకపోతే 7! = 5,040.

మొదటి అర్థం: ముగ్గురూ ఒకేచోట గుంపుగా చేరకూడదు, ఇద్దరు చేరినా ఫరవాలేదు. ముగ్గుర్నీ ఒక్కరిగా కడితే ఆరుగురవుతారు, 5! × 3! = 720. మొత్తంలోంచి తీస్తే 4,320.

రెండో అర్థం: ఆ ముగ్గురిలో ఏ ఇద్దరూ పక్కన ఉండకూడదు. ఇక్కడ తీసివేత పనికిరాదు. ముందు నెమ్మదైన ఐదుగుర్ని గుండ్రంగా కూర్చోబెట్టండి, 4! = 24. వాళ్ల మధ్య ఖాళీలు ఐదు. వరుసలో అయితే రెండు చివర్లు కలిసి ఆరు వచ్చేవి, గుండ్రంలో చివర్లుండవు. మొదటి కబుర్లపోగుకి 5 ఖాళీలు, రెండోవాడికి 4, మూడోవాడికి 3. 24 × 60 = 1,440.

సరిగ్గా ఇద్దరే చేరే అమరికలు ఎన్ని? 5,040 − 720 − 1,440 = 2,880. దీన్ని నేరుగా కట్టి చూడండి. చేరే ఇద్దరు ఎవరన్నది 3 రకాలు, వాళ్లలో వాళ్లు మారడం 2, ఆ జంటకి ఖాళీ 5, ఒంటరివాడికి 4, అంటే 120. 24 × 120 = 2,880. మూడు భాగాలూ కలిపితే మొత్తం వచ్చిందంటే ఎక్కడా ఒకటి రెండుసార్లు లెక్కకి రాలేదు, ఒకటీ జారిపోలేదు. పరీక్షలో వాక్యం అస్పష్టంగా ఉంటే ఐచ్ఛికాల్లో ఏ జవాబుందో చూసి అర్థం ఎంచుకోండి. ఇంట్లో మాత్రం రెండూ చేయండి.

నలుగురు తెలుగు పిల్లలు, నలుగురు కన్నడ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కూర్చోవాలి. 3! × 3! కదా?

కాదు, 3! × 4! = 144. అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట ఇదే. తెలుగు పిల్లలు నలుగురూ కూర్చునేటప్పుడు బల్ల ఖాళీ, కుర్చీలకి గుర్తుల్లేవు, అందుకే 3!. వాళ్లు కూర్చున్నాక మధ్యలో ఉన్న నాలుగు ఖాళీలూ నాలుగు వేర్వేరు చోట్లు: సురేశ్‌కీ లతకీ మధ్యది, లతకీ వాసుకీ మధ్యది. కన్నడ పిల్లలకి అవి నంబరు వేసిన కుర్చీలతో సమానం. అందుకే 4!. తిప్పడం వల్ల వచ్చే తగ్గింపు ఒక్కసారే వాడుకోవాలి, రెండోసారి వాడితే 36 వస్తుంది, అసలు జవాబులో నాలుగో వంతు.

నిబంధనలు రెండు మూడు కలిసి వస్తే ఎవరితో మొదలుపెట్టాలి?

ఎవరి పేరు ఎక్కువ నిబంధనల్లో ఉందో వాళ్లని ముందు కూర్చోబెట్టండి. ఏడుగురున్నారు. రమ పక్కన గిరి ఉండాలి, రమ పక్కన వాసు ఉండకూడదు. రెండింటిలోనూ రమ ఉంది, కాబట్టి రమతో మొదలు. గిరికి రమ కుడో ఎడమో, 2. మిగిలింది ఐదు చోట్లు, రమకి రెండో పక్కనున్నది వాసుకి కుదరదు, కనక 4. తక్కిన నలుగురికి 4!. మొత్తం 2 × 4 × 24 = 192. ఏ నిబంధనా లేనివాళ్లతో మొదలుపెట్టి చూడండి, సందర్భాలు విడగొట్టుకుంటూ పోవాల్సి వస్తుంది. జవాబు అదే, శ్రమ రెట్టింపు.

అమ్మమ్మకి రెండు పక్కలా మనవలే ఉండాలి, ఏడుగురిలో మనవలు ముగ్గురు అన్నారనుకోండి. అమ్మమ్మని కూర్చోబెట్టాక కుడి పక్కకి 3, ఎడమ పక్కకి 2, మిగతా నలుగురికి 4!. 144.

ఎదురెదురుగా కూర్చోవాలన్న నిబంధన ఇంకా తేలిక. ఎనిమిది మందిలో ఒకరిని కూర్చోబెడితే ఎదుటి కుర్చీ ఒక్కటే, మిగిలినవాళ్లకి 6! = 720. కుర్చీలు బేసి సంఖ్యలో ఉంటే సరిగ్గా ఎదుటి కుర్చీ అన్నదే ఉండదు.

ఉగాది భోజనాలకి మూడు జంటలు ఒకే గుండ్రటి బల్ల దగ్గర. ఏ భార్యాభర్తలూ పక్కపక్కన ఉండకూడదు. ఇది ఎలా?

ఒక జంటకి కట్టిన పద్ధతే ఇక్కడ మెట్లుమెట్లుగా వస్తుంది. మొత్తం 5! = 120. ఒక జంట కలిసి ఉన్నవి తీసేయాలి: జంటని ఎంచడం 3, వాళ్లలో వాళ్లు 2, మిగతాది 4!, అంటే 144. తీసేయాల్సింది మొత్తం కంటే ఎక్కువైందని కంగారు పడకండి. రెండు జంటలు కలిసి ఉన్న అమరికల్ని రెండేసి సార్లు తీశాం, వాటిని తిరిగి కలపాలి: 3 × 4 × 3! = 72. మూడు జంటలూ కలిసినవి ఇప్పుడు ఎక్కువ కలిపాం, మళ్లీ తీయాలి: 8 × 2! = 16. 120 − 144 + 72 − 16 = 32.

సూత్రాన్ని నమ్మే ముందు చేత్తో ఒకసారి లెక్కపెట్టడం ఈ లెక్కకి తగిన మర్యాద. ఒక భర్తని కూర్చోబెట్టండి. ఆయన భార్య సరిగ్గా ఎదురుగా ఉంటే రెండు పక్కలా రెండేసి చోట్లు మిగులుతాయి. ప్రతి పక్కా మిగతా రెండు జంటల నుంచి ఒక్కొక్కరు ఉండాలి. మొదటి పక్క ఎవరెవరన్నది 4 రకాలు, వాళ్లు మారడం 2, రెండో పక్క వాళ్లు మారడం 2, మొత్తం 16. భార్య ఒక కుర్చీ వదిలి కూర్చుంటే, మధ్యలో చిక్కినవారు నలుగురిలో ఎవరైనా కావచ్చు, 4. అవతలి మూడు చోట్లలో మూడో జంట రెండు చివర్లకి వెళ్లాలి, 2. అంటే 8. ఆమె అటువైపో ఇటువైపో, కనక 16. 16 + 16 = 32.

నాలుగు జంటలకి ఇదే పద్ధతిలో 5,040 − 5,760 + 2,880 − 768 + 96 = 1,488.

పైగా ఆడవాళ్లు, మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఉండాలంటే?

అప్పుడది గణితంలో పేరున్న సమస్య, మెనాజ్ సమస్య అంటారు. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ 1891లో దీన్ని ఈ రూపంలో అడిగాడు. హనోయ్ గోపురం ఆట తయారుచేసిందీ ఆయనే. అంతకు ముందే స్కాట్లాండులో పీటర్ టెయిట్ తాళ్ల ముడుల గురించి ఆలోచిస్తూ ఇదే లెక్క దగ్గరికి వచ్చాడు. 1934లో జాక్ టూషార్ సూత్రం ఇచ్చాడు, 1943లో ఇర్వింగ్ కప్లాన్‌స్కీ దానికి సరళమైన దారి చూపాడు.

ముందు ఆడవాళ్లని కూర్చోబెట్టి, ఖాళీల్లో భర్తల్ని నింపే మార్గాలు లెక్కపెట్టడం పాత పద్ధతి. మూడు జంటలకి అలాంటి మార్గం 1, నాలుగింటికి 2, ఐదింటికి 13, ఆరింటికి 80. తిప్పితే వచ్చేవి ఒకటిగా లెక్కపెడితే నాలుగు జంటలకి మొత్తం 3! × 2 = 12, ఐదింటికి 4! × 13 = 312. పుస్తకాల్లో 96, 3,120 అని కనిపిస్తే అవి నంబర్లున్న కుర్చీలకి, రెండూ సరైనవే. 1986లో బొగార్ట్, డోయిల్ ఇంకో సంగతి చూపించారు: ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టాలన్న పట్టుదల వదిలేసి, జంటలు చేరే చోట్లని ముందు లెక్కపెడితే లెక్క సులువవుతుంది. ఇంత చిన్న మార్పుకి దాదాపు వందేళ్లు పట్టిందంటే, ఎక్కడ మొదలుపెట్టామన్నది ఎంత ముఖ్యమో చూడండి.

మూడు ఎరుపు, మూడు తెలుపు గుండీలు గుండ్రంగా పెడితే? 5!ని 3! × 3!తో భాగిస్తే పూర్ణసంఖ్య రావడం లేదు.

120 ÷ 36 పూర్ణసంఖ్య కాదు, సూత్రం ఇక్కడ చెల్లదని అదే చెబుతోంది. మనుషులందరూ వేరు కాబట్టి ప్రతి అమరికా తిప్పితే, ఎంతమంది ఉంటే సరిగ్గా అన్ని వేర్వేరు రూపాలు ఇస్తుంది. ఒకేలాంటి గుండీలతో అలా కుదరదు: ఎరుపు తెలుపు ఎరుపు తెలుపు అని మార్చి మార్చి పెడితే రెండు చోట్లు తిప్పగానే మళ్లీ అదే వస్తుంది. ఇలాంటివాటికి బర్న్‌సైడ్ సిద్ధాంతం వాడాలి. ప్రతి తిప్పుడుకీ మారకుండా ఉండేవి లెక్కపెట్టి సగటు తీయడమే అది. ఏమీ తిప్పకపోతే 20, రెండు చోట్లు తిప్పితే 2, నాలుగు చోట్లు తిప్పితే 2, మిగతా మూడు తిప్పుళ్లకీ 0. 24 ÷ 6 = 4. పళ్లెం మీద పేర్చి చూడండి, ఐదోది దొరకదు.

రెండు బల్లలుంటే?

పది మందిని ఆరుగురి బల్లకీ నలుగురి బల్లకీ పంచడం: ఆరుగురిని ఎంచే మార్గాలు 210, తర్వాత 5! × 3!. మొత్తం 1,51,200. ఐదేసి మంది రెండు బల్లలైతే, బల్లలు రెండూ ఒకటేనా లేక ఒకటి కిటికీ పక్కనా అని చూడాలి. కిటికీ పక్క బల్ల వేరుగా ఉంటే 252 × 24 × 24 = 1,45,152. తేడా లేకపోతే అందులో సగం, 72,576.

బ్యాంకు పరీక్షల్లో వచ్చే సీటింగ్ పజిల్స్‌కి ఇవన్నీ కావాలా?

అవసరం లేదు. అక్కడ అమరికలు ఎన్నని అడగరు, ఎవరెక్కడున్నారో కనిపెట్టమంటారు. అయినా మొదటి అడుగు మాత్రం అదే: ఎక్కువ ఆధారాల్లో పేరున్న మనిషిని ముందు పెట్టేయడం. తర్వాత దిక్కులు జాగ్రత్త. కేంద్రం వైపు చూస్తున్నవాళ్లకి ఎడమ అంటే సవ్యదిశ, కుడి అంటే అపసవ్యదిశ. బయటికి చూస్తున్నవాళ్లకి ఇది తారుమారు. పరీక్షకి ముందు పీజీలో నలుగురు స్నేహితులతో నిజంగా గుండ్రంగా కూర్చుని, ఇద్దర్ని బయటికి తిప్పి ఒకసారి సాధన చేయండి.

సాధనకి కొన్ని లెక్కలు?

ఏడుగురిలో రమ, గిరి పక్కపక్కనే, వాసు వాళ్లిద్దరిలో ఎవరి పక్కనా ఉండకూడదు: 144. ఎనిమిది మందిలో రెండు జంటలు, ప్రతి జంటా ఎదురెదురుగా: 144. గుండ్రంగా కూర్చున్న పన్నెండు మందిలోంచి ఏ ఇద్దరూ పక్కపక్కన లేకుండా ఐదుగుర్ని ఎంచడం: 36. చివరిదానిలో కూర్చోబెట్టడం అయిపోయింది, ఎంచడమే మిగిలింది. ఒక వ్యక్తిని పట్టుకుని, ఆ వ్యక్తి ఎంపికైతే ఎన్ని, కాకపోతే ఎన్ని అని విడగొట్టండి: 15, 21.